లేజరు కోసం గేదెను అమ్మనక్కర్లేదు
కంటి శుక్లానికి ఏ ఆపరేషను మేలు?

"కత్తి పెట్టకుండా లేజరుతో పొర కరిగించేస్తారట. గేదెను అమ్మయినా చేయిద్దాం నాన్నా" అంటాడు కొడుకు. "పాడి గేదెను అమ్ముకుని నేను చూడాల్సిందేముందిరా? ఉన్న చూపుతోనే వెళ్లదీస్తాను" అంటాడు తండ్రి. ఈ వాదన తెగదు. ఏడాది గడిచిపోతుంది. పెద్దాయన చూపు మాత్రం నానాటికీ మసకబారుతుంది. మన పల్లెల్లో ఎన్నో ఇళ్లలో జరిగేది ఇదే.

ఇందులో కొడుకు విన్న మాట పూర్తిగా నిజం కాదు. తండ్రి చేసిన నిర్ణయం అసలే మంచిది కాదు.

పొర అంటే ఏమిటి?

కనుపాప వెనుక అద్దంలాంటి కటకం ఒకటి ఉంటుంది. వయసు మీదపడిన కొద్దీ అది మసకబారుతుంది. అదే శుక్లం. పొర అని పిలుస్తున్నాం గాని, అది కంటిపైన అతుక్కున్న పొర కాదు. లోపలి కటకమే చెడిపోవడం. అందుకే చుక్కల మందుకు గాని, ఆకు పసరుకు గాని అది కరగదు. పసర్లు పిండితే నల్లగుడ్డు పుండుపడి ఉన్న చూపు కూడా పోవచ్చు. చెడిన కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ లెన్సు పెట్టడం ఒక్కటే మార్గం.

వెనుకటి రోజుల్లో ఊరూరా తిరిగే వైద్యులు సూదితో కటకాన్ని కంటి లోపలికి నెట్టేసేవారు. వెంటనే కాస్త వెలుగు కనిపించేది. తరువాత చీముపట్టి కన్నే పోయినవారు ఎందరో. ఆ తరువాత కంటి వైద్య శిబిరాలు వచ్చాయి. అక్కడ కటకాన్ని తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలు పగిలితే మళ్లీ చీకటే.

కంటిలోపల లెన్సు పెట్టడాన్ని 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదలుపెట్టారు. చాలాకాలం ఆ లెన్సు ధర మన పేదలకు అందలేదు. 1992లో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వారు అరోల్యాబ్ పేరుతో లెన్సులు తయారుచేయడం ప్రారంభించాక ధర బాగా దిగింది.

మూడు రకాల ఆపరేషన్లు

ఇప్పుడు మన ప్రాంతంలో ఎక్కువగా చేస్తున్నవి రెండు. మొదటిది చిన్న కోత ఆపరేషను. సుమారు 6, 7 మిల్లీమీటర్ల కోత పెట్టి, శుక్లాన్ని చేతి పనిముట్లతో బయటకు తీస్తారు. కోతను సొరంగంలా ఏటవాలుగా పెడతారు కనుక అది తనంతట తానే మూసుకుంటుంది. సాధారణంగా కుట్లు అవసరం రావు.

రెండోది ఫేకో. 3 మిల్లీమీటర్లకు లోపు కోతతో సన్నని గొట్టాన్ని పంపి, చెవికి వినపడని శబ్ద తరంగాలతో శుక్లాన్ని ముక్కలుచేసి పీల్చేస్తారు. మడతపెట్టిన లెన్సును లోపలికి పంపితే అక్కడ విచ్చుకుంటుంది. ఈ పద్ధతిని 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ కనిపెట్టారు. చాలామంది దీన్నే లేజరు అనుకుంటున్నారు. ఇందులో లేజరు లేనే లేదు.

మూడోది అసలైన లేజరు. 2008లో హంగరీలో జోల్టాన్ నాగీ అనే డాక్టరు దీన్ని మొదటిసారి మనుషులకు చేశారు. అయితే లేజరు చేసేది సగం పనే. కోతలు పెడుతుంది. కటకంపై సంచిని గుండ్రంగా తెరుస్తుంది. శుక్లాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను బయటకు పీల్చేది మళ్లీ ఫేకో యంత్రమే. లెన్సు పెట్టేది డాక్టరు చెయ్యే. పొరను కరిగించేయడమంటూ ఏమీ లేదు.

చూపులో తేడా ఎంత?

లేజరుతో సంచిని కచ్చితంగా, గుండ్రంగా కోయవచ్చు. శబ్ద తరంగాల వాడకం తగ్గుతుంది. నల్లగుడ్డు బలహీనంగా ఉన్న కొందరికి దానివల్ల మేలు కలగవచ్చు. చివరకు వచ్చే చూపు మాటేమిటి? ఫ్రాన్సులో 5 యూనివర్సిటీ ఆసుపత్రులలో లేజరును, ఫేకోను పోల్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితాలలో లేజరుకు పైచేయి కనిపించలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో 785 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు కూడా వచ్చాయి. అక్కడా చూపు సమానమే. పెట్టిన అదనపు ఖర్చుకు తగిన లాభం లేదని తేలింది.

మరి ఫేకోకు, చిన్న కోతకు తేడా ఎంత? నేపాలులో శుక్లం బాగా ముదిరిన 108 మందిని రెండు వర్గాలుగా విడదీసి ఈ రెండు ఆపరేషన్లు చేశారు. 2007లో ఆ ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత రెండు వర్గాల్లోనూ 98 శాతం మందికి అద్దాల సాయంతో మంచి చూపు వచ్చింది. పైగా చిన్న కోత ఆపరేషనుకు తక్కువ సమయం, తక్కువ ఖర్చు పట్టాయి.

మన రైతులు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. పూర్తిగా తెల్లబడిన శుక్లంలోకి లేజరు కిరణం సరిగా చొరబడదు. నల్లగుడ్డుపై మచ్చ ఉన్నా, కనుపాప సరిగా విచ్చుకోకపోయినా లేజరుకు ఇబ్బందే. పల్లెల నుంచి ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చేవారిలో ఇలాంటి కళ్లే ఎక్కువ.

మళ్లీ పొర వస్తే

ఏ పద్ధతిలో చేయించుకున్నా, కొన్ని నెలలకో ఏళ్లకో లెన్సు వెనుక సంచి మసకబారవచ్చు. "మళ్లీ పొర వచ్చింది, ఆపరేషను చెడింది" అని బెంగపడనక్కర్లేదు. దానికి యాగ్ లేజరు అనే వేరే చికిత్స ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో పూర్తిచేసి ఇంటికి పంపుతారు. కళ్లద్దాలు లేకుండా చేయడానికి కుర్రవాళ్లకు చేసే లేజరు ఇంకొకటి. దానికీ శుక్లానికీ సంబంధం లేదు. కాబట్టి ఎవరైనా "లేజరు" అంటే ఏ లేజరు, దేనికి, ఎంత అని అడిగి తెలుసుకోవాలి.

ముదిరేదాకా ఆగవద్దు

శుక్లం ముదిరితేనే తీస్తారన్నది పాతకాలపు మాట. నోటు గుర్తుపట్టలేకపోతున్నా, గట్టుమీద అడుగు తడబడుతున్నా పరీక్ష చేయించుకోవలసిందే. మరీ ముదిరితే కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పితో కన్ను శాశ్వతంగా పోయే ప్రమాదముంది. చలికాలం దాకా ఆగాలన్నదీ అపోహే. ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు.

అంధత్వ నివారణకు 1976లో మొదలైన జాతీయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో శుక్లం ఆపరేషను ఉచితంగా చేస్తారు. లెన్సు కూడా ఉచితమే. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ముందుగా అదుపులోకి తెచ్చుకోవాలి. ఆపరేషను తరువాత డాక్టరు చెప్పినన్నాళ్లు చుక్కల మందు వేసుకోవాలి. కన్ను నలపరాదు. కంట్లో నీళ్లు, పొగ, దుమ్ము పడనీయరాదు. నొప్పి, ఎరుపు ఎక్కువైనా, చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లవారేదాకా ఆగరాదు.

డబ్బున్నవారు డాక్టరుతో మాట్లాడి లేజరు చేయించుకుంటే తప్పులేదు. లేనివారు చిన్నబోవలసిన పనీ లేదు. చేయి తిరిగిన డాక్టరు, సరైన లెన్సు, వేళకు చేసిన ఆపరేషను, ఆ తరువాత జాగ్రత్త. చూపు నిలిపేవి ఈ నాలుగే. గేదెను కొట్టంలోనే ఉండనిచ్చి, పెద్దాయనను రేపే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.