కారుకి నరాలు కట్టే బాబాయి!

తెర మీద హీరో స్పోర్ట్స్ కారులోకి ఒక్క గెంతు గెంతుతాడు. తాళం తిప్పుతాడు. ఇంజను గర్జిస్తుంది. రెండు హెడ్‌లైట్లు పులికళ్లలా వెలుగుతాయి. హాల్లో ఈలలే ఈలలు!

ఈల వేసినవాళ్లలో ఒక్కరైనా ఆలోచించారా, ఆ దీపాలు వెలగడానికి ఆ కారు ఒంట్లో ఎన్ని గజాల తీగ పాకి ఉందో? నేనూ ఆలోచించలేదు. ఇరవై రెండు రోజులు ఒక రేకుల షెడ్డులో కూర్చుని, వేళ్లకి బొబ్బలు తెచ్చుకున్నాక గానీ నాకూ తెలిసిరాలేదు.

నిజానికి నేను వెళ్లింది వేరే పనికి. సినిమాలకి పాతకార్లు అద్దెకిచ్చేవాళ్ల మీద ఒక వ్యాసం రాద్దామని హైదరాబాదు యూసఫ్‌గూడలో ఒక కుర్రాడిని వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్ల నాన్నగారు మద్రాసు రోజుల నుంచీ సినిమాలకి కార్లు సప్లై చేసిన మనిషి. ఆయన పోయాక మిగిలినవి ఒక కారూ, కొన్ని అప్పులూ.

“కారు చూపిస్తావా బాబూ?” అన్నాను.

“కారు ఉంది సార్, నరాలే లేవు. చూస్తారా?” అన్నాడతను.

*అబింగ్డన్ టు యూసఫ్‌గూడ*

గోనెపట్టా తీస్తే ఎర్రటి ఎంజీబీ! 1964 మోడలు. టాపు లేని రెండు సీట్ల బండి. ఇంగ్లాండులో అబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఈ మోడలు తయారైంది. మొత్తం అయిదు లక్షల పైచిలుకు బళ్లు! ఆ కాలమే స్పోర్ట్స్ కార్ల కాలం. 1962లో ‘డాక్టర్ నో’లో జేమ్స్‌బాండు సన్‌బీమ్ ఆల్పైను నడిపాడు. 1964లో ‘గోల్డ్‌ఫింగర్’లో ఆస్టన్ మార్టిన్ ఎక్కి ప్రపంచాన్ని ఊపేశాడు. ఆ గాలి మనదాకా వీచి, 1966లో కృష్ణగారు ‘గూఢచారి 116’ అయ్యారు. అలాంటి రోజుల బండి ఇది.

పైకి చూస్తే పెళ్లికూతురు. బానెట్ ఎత్తితే మాత్రం గుండె జారింది. లోపల ఒక్క తీగ లేదు! డాష్‌బోర్డు చిల్లులు పన్నూడిన నోరులా ఉన్నాయి. పక్కన గోతాంలో కాలిపోయిన తీగల ముద్ద.

“ఏమైందయ్యా?” అంటే అసలు కథ బయటపడింది.

*ఆ రాత్రి ఏం జరిగింది?*

రెండేళ్ల క్రితం ఒక నైట్ షూటింగు. సినిమా పేరు అడక్కండి, చెప్పను. కారులో హీరోయిను కూర్చుని ఉంది. షాట్ రెడీ అన్నారు. హెడ్‌లైట్లు వేశారు. రెండు నిమిషాలయిందో లేదో, డాష్‌బోర్డు కింద నుంచి పొగ! ఆ వెనకే మంట! ఒక లైట్‌బాయ్ ఆమెని చెయ్యి పట్టి బయటికి లాగేశాడు. పమిటకొంగు కాలింది, అంతే. ఇంకో అర నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

బ్యాటరీ తీగ పీకేద్దామంటే ఈ బండికి బ్యాటరీలు బానెట్ కింద ఉండవు. సీట్ల వెనక, చెక్కు కింద దాగి ఉంటాయి. అవి దొరికేలోగా జరగాల్సిందంతా జరిగిపోయింది. ఇసుక బకెట్లు కుమ్మరించి మంట ఆర్పారు.

కారణం? అంతకు ముందెవరో దీపాలకి పెద్ద బల్బులు వేసి, తీగలు మాత్రం పాతవే ఉంచారు. ఎక్కడపడితే అక్కడ తీగ కోసి, మెలేసి, టేపు చుట్టారు. ఆ కాలపు ఎంజీబీకి ఉన్నవే రెండు ఫ్యూజులు. హెడ్‌లైట్ల దారిలో అసలు ఫ్యూజే లేదు! ఇంక అడ్డేముంది?

ఇప్పుడొక నిర్మాతకి పాతకాలపు కథ కోసం ఈ బండి కావాలి. పది రాత్రుల షూటింగు. గడువు ఇరవై రెండు రోజులు. కుదిరితే అద్దెతో అప్పు సగం తీరుతుంది. కుదరకపోతే తండ్రి గుర్తుగా మిగిలిన ఆ కారునే అమ్మేయాలి.

*మేకుల మగ్గం*

అప్పుడే షెడ్డులోకి వచ్చారు బాబాయిగారు. నెల్లూరు మనిషి. అరవై ఎనిమిదేళ్లు. పధ్నాలుగో ఏట మద్రాసు పుదుప్పేటలో పాతకార్ల సామాను కొట్లలో చేరి, కోడంబాకం స్టూడియో బళ్లకి వైరింగు చేస్తూ పెరిగి, తెలుగు సినిమా హైదరాబాదు వచ్చేశాక దాని వెనకాలే వచ్చేసిన మనిషి. యూనిట్లో అందరికీ ఆయన బాబాయే. వెంట మనవరాలు, పాలిటెక్నిక్ చదివిన పిల్ల.

“ఇంగ్లాండు నుంచి కొత్త వైరింగు సెట్టు తెప్పించుకోవచ్చు కదా బాబాయిగారూ, ఇప్పటికీ అమ్ముతారట?” అన్నాను, నా తెలివి చూపించుకుందామని.

“అమ్ముతారబ్బయా. అది పుట్టినప్పటి బండికి సరిపోద్ది. ఇప్పుడీ బండి అదేనా? డైనమో తీసేసి ఆల్టర్నేటరు పెట్టాం. హాలోజన్ బల్బులు వేశాం. రేడియేటరుకి కరెంటు ఫ్యాను పెట్టాం. ఎర్తు కూడా తిరగేశాం. కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు దీనికి కుట్టాల్సిందే” అన్నారు.

ఎర్తు తిరగెయ్యడమంటే? 1967లో మోడలు మారేదాకా ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ కొసని కారు బాడీకి కలిపేవారు. ఇప్పటి బళ్లన్నీ నెగెటివ్ కలుపుతాయి. ఆల్టర్నేటరు పెట్టాలంటే ఈ మార్పు తప్పదు. మరిచిపోయి పాత పద్ధతిలోనే తగిలిస్తే ఆల్టర్నేటరు ఆ క్షణమే చస్తుంది.

మొదటి రెండు రోజులు బాబాయిగారు తీగ ముట్టనే లేదు. నాకొక పురికొస ఉండ ఇచ్చి, “ఈ కొస పట్టుకో నాయనా” అన్నారు. అంతే, ఆ రోజు నుంచి నేను విలేకరిని కాదు, అప్రెంటిసుని! ప్రతి తీగ వెళ్లాల్సిన దారిలో ముందు పురికొస నడిపాం. వంపు వచ్చిన చోట ముడి. కొమ్మ చీలిన చోట ఇంకో ముడి. తర్వాత ఆ పురికొసల్ని తీసి రెండు ప్లైవుడ్ చెక్కల మీద పరిచి, ముడి ఉన్న ప్రతిచోటా మేకు దిగ్గొట్టాం. కారు మొత్తం చెక్క మీద పడుకున్నట్టయింది. ఆ మేకుల మధ్యనే తీగలు పరిచి, జడ అల్లినట్టు అల్లుకుంటూ రావాలి.

“ఇంగ్లీషోళ్లు దీన్ని ‘లూమ్’ అంటారు. అంటే మగ్గమే. మా నాన్న వెంకటగిరిలో మగ్గం మీద కూర్చున్నాడు. నేను పారిపోయి మద్రాసొచ్చి, మళ్లీ మగ్గం దగ్గరికే చేరాను” అని నవ్వారాయన.

*రంగులు మాట్లాడతాయి!*

పాత బ్రిటిష్ బళ్ల తీగలకి రంగుల భాష ఉంది. లూకాస్ కంపెనీ సామానుతో వచ్చిన బళ్లన్నిటికీ దాదాపు ఇదే భాష. బ్రౌన్ రంగంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎప్పుడూ ప్రాణంతో ఉంటుంది. తెలుపు, తాళం తిప్పితే ప్రాణం వచ్చేది. ఆకుపచ్చ, తాళం తర్వాత ఫ్యూజు కూడా దాటి వచ్చేది. ఊదా, తాళంతో పనిలేకుండా ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు సైడు లైట్లకి, నలుపు ఎర్తుకి. ఆకుపచ్చ మీద ఎర్రగీత ఉంటే ఎడమ ఇండికేటరు, తెల్లగీత ఉంటే కుడి.

“అన్నీ ఎర్రతీగలే వేస్తే పని తొందరగా అయిపోదూ?” అన్నాను.

బాబాయిగారు నా వంక జాలిగా చూశారు. “అవుద్ది. నేను పోయాక ఈ బండి ముందు ఇంకెవడో కూర్చుంటాడు. వాడికి నేను చెప్పే మాట ఈ రంగే గదా!”

ఆయన కళ్లకి శుక్లాలు. ఊదా, బ్రౌన్ సాయంత్రమైతే ఒకటిగానే కనిపిస్తాయి. అందుకే మనవరాలు. ఆమె రంగు చెబుతుంది, ఆయన వేళ్లతో లావు చెబుతారు. “తాతా, ఇది నీలం మీద తెలుపు” అంటే, “హైబీము. ఇరవై ఎనిమిది పోగులది తియ్యి తల్లీ” అంటారు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి!

*ఫ్యూజు ఎవరికి కాపలా?*

ఈ లావు లెక్క మాత్రం మీరూ వినాలి. ఇంట్లో కారున్నవాళ్లకి పనికొస్తుంది. బల్బు వాట్లని బ్యాటరీ వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 60 వాట్ల బల్బుకి 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లకి 10. ఫ్యానుకి ఒక 8, ఇగ్నిషనుకి 4, చిన్న దీపాలకి 3, బ్రేకు దీపాలకి మూడున్నర. కూడితే 28న్నర. పాత డైనమో ఇవ్వగలిగింది 22! ఆల్టర్నేటరు ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైందా?

తీగకీ ఒక ఓపిక ఉంటుంది. 0.30 మిల్లీమీటర్ల సన్నపోగులు 14 కలిపిన మామూలు తీగ ముప్పావు తక్కువ తొమ్మిది... కాదు కాదు, ఎనిమిదీ ముప్పావు ఆంపియర్లు మోస్తుంది (నేను తప్పు చెబితే బాబాయిగారి మనవరాలు నోట్‌బుక్కులో దిద్దింది). 28 పోగులది పదిహేడున్నర మోస్తుంది. మోయలేని బరువు మోయిస్తే తీగ వేడెక్కుతుంది, తొడుగు కరుగుతుంది, ఇక ఆ రాత్రి జరిగిందే జరుగుతుంది.

“ఫ్యూజు దీపాన్ని కాపాడేదనుకుంటారు అందరూ. తప్పు! అది తీగకి కాపలా. తీగ ఓపిక కన్నా ఫ్యూజు ఓపిక తక్కువుండాల. ముందు అది చావాల” అన్నారు బాబాయిగారు.

రెండు ఫ్యూజుల బండికి ఆయన పన్నెండు ఫ్యూజులు పెట్టారు. ఎడమ దీపానికొకటి, కుడి దీపానికొకటి. ఒకటి పోయినా రెండోది వెలుగుతుంది, చీకట్లో డ్రైవరు గుడ్డివాడు కాడు. హెడ్‌లైట్ల కరెంటు ఇక డాష్‌బోర్డు స్విచ్చిలోంచి పోదు. స్విచ్చి చిన్న రిలేకి కనుసైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. సీటు వెనక చెయ్యి పెడితే అందేలా బ్యాటరీకి ఒక కటౌటు స్విచ్చి కూడా పెట్టారు. ఎందుకో వేరే చెప్పాలా?

*బల్బు చెప్పిన నిజం*

పద్ధెనిమిదో రోజుకి అల్లిక పూర్తయింది. మైనం పూసిన దారంతో వేలెడు దూరానికొక ముడి వేసి బిగించాం. పైన నూలుగుడ్డ టేపు చుట్టాం. కారులోకి ఎక్కించే రోజు వచ్చింది. ఇంజను గది నుంచి లోపలికి తీగల కట్ట దూర్చే పని నాకిచ్చారు. ఆ ఇనపరేకు చిల్లుకి ముందు రబ్బరు రింగు తొడగాలి. తొడుగుదాంలే అనుకుని ముందు తీగలే లాగేశాను. రింగుని కోసి తర్వాత ఇరికించాను. ఎవరూ చూడలేదు.

పందొమ్మిదో రోజు పరీక్ష. బాబాయిగారు బ్యాటరీని నేరుగా కలపలేదు. మధ్యలో ఒక హెడ్‌లైటు బల్బు పెట్టారు. కారులో అన్నీ ఆపి ఉన్నాయి గనుక ఈ బల్బు వెలగకూడదు. ఎక్కడైనా తీగ బాడీకి తగిలితే మాత్రం ఇది పూర్తిగా వెలుగుతుంది. బరువంతా బల్బే మోస్తుంది గనుక తీగ కాలదు.

కలిపారు. బల్బు భగ్గున వెలిగింది!

షెడ్డులో ఎవరికీ మాట లేదు. ఓనరు కుర్రాడి ముఖం పాలిపోయింది. బాబాయిగారు తీగల కట్టని జానెడు జానెడు కదుపుతూ వచ్చారు. ఇనపరేకు చిల్లు దగ్గర చెయ్యి పెట్టి కదిపితే బల్బు ఆరింది, మళ్లీ వెలిగింది. అక్కడ బ్రౌన్ తీగ తొడుగు చీరుకుని ఉంది. ఫ్యూజు చేరకముందున్న తీగ అది!

“ఆ తప్పు నాది బాబాయిగారూ” అన్నాను. గొంతు పెగల్లేదు.

తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. “ఇప్పుడు చెప్పావు గదా, మంచిది. షూటింగులో చెప్పుంటే ఎవరికి చెప్పేవాడివి?” అన్నారంతే. ఆ ఒక్క తీగ కోసం కట్ట మళ్లీ బయటికి లాగి, ముడులు విప్పి, కొత్త తీగ వేసి మళ్లీ కట్టేసరికి మూడు రోజులూ రాత్రులూ పట్టింది. అతుకు వేస్తే గంటలో అయ్యేది. ఆయన ఒప్పుకోలేదు. ఇంజను దగ్గర అదిరే చోట అతుకు పనికిరాదట.

*టక్ టక్ టక్...*

ఇరవై రెండో రోజు సాయంత్రం. మళ్లీ బల్బు పెట్టారు. ఈసారి వెలగలేదు. బల్బు తీసేసి బ్యాటరీ కలిపారు. ఓనరు కుర్రాడు తాళం ఒక మెట్టు తిప్పాడు. వెనక చక్రం దగ్గర్నుంచి “టక్ టక్ టక్ టక్” అని చప్పుడు. అది పెట్రోలు పంపు! కార్బురేటర్లు నిండేదాకా కొట్టుకుని, నెమ్మదించి, ఆగింది. రెండేళ్లు చచ్చి పడున్న బండికి గుండె కొట్టుకున్నట్టే ఉంది. ఇంకో మెట్టు తిప్పాడు. ఇంజను అందుకుంది. మనవరాలు హెడ్‌లైట్లు వేసింది. ఎదురుగా గోడ మీద పాత సినిమా పోస్టరు తెల్లగా వెలిగింది.

కుర్రాడు వాళ్ల నాన్న ఫోటో ఉన్న వైపు తిరిగి నిలబడ్డాడు. మేమెవరం అటు చూడలేదు.

పది రాత్రుల షూటింగు జరిగింది. మొదటి రాత్రి నేనూ వెళ్లాను. హీరోయిను కారెక్కింది, దీపాలు వెలిగాయి, షాట్ ఓకే అయింది. జనం హీరోయిన్నే చూశారు. నేను మాత్రం డాష్‌బోర్డు కింద పొగ వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. రాలేదు. బాబాయిగారు దూరంగా కుర్చీ వేసుకుని టీ తాగుతూ కళ్లు మూసుకుని వింటున్నారు.

“మీ పేరు వ్యాసంలో వెయ్యనా?” అని అడిగాను.

“వద్దబ్బయా! వేస్తే రేపటి నుంచి వీధి వీధంతా సీలింగ్ ఫ్యాను రిపేరుకి పిలుస్తారు” అన్నారు.

అందుకే వెయ్యలేదు. సినిమా టైటిల్స్‌లోనూ ఆ పేరు ఉండదు. ఈసారి తెర మీద పాత స్పోర్ట్స్ కారు హెడ్‌లైట్లు వెలిగినప్పుడు మీరు వేసే ఈలల్లో ఒకటి మాత్రం ఆయనకి వెయ్యండి!