దుర్గం చెరువు కుట్టని దోమలు

సంధ్యవేళ మాదాపూరులోని దుర్గం చెరువు గట్టున నడిచేవారి తలపై ఒక్కొక్కప్పుడు పొగస్తంభంవలె పురుగుల గుంపు లేచి ఆడుతుంది. దోమలని తలచి జనం చేతులు విసరుకుంటారు. కాని అట్టి గుంపులు సాధారణంగా కైరోనమిడ్ కుటుంబానికి చెందిన పురుగులవి. కుట్టడానికి వాటికి తుండమే లేదు.

దోమ నేరం రుజువైనది ఈ నగరంలోనే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినాడు. ఆ నేరానికి, కేవలం పోలిక కారణంగా, ఈ నిరపరాధి కూడ శిక్ష అనుభవిస్తున్నది. గుర్తు పట్టడం కష్టం కాదు. వాలినప్పుడు దోమ వెనుకకాళ్ళు ఎత్తుతుంది. ఇది ముందుకాళ్ళు ఎత్తుతుంది.

గాలిలో ఆడేది మగవాటి గుంపు. ఆడది అందులోనికి వచ్చి జతకూడి, నీటిలో జిగురుముద్దగా గుడ్లు పెడుతుంది. రెక్కలు వచ్చిన పిమ్మట వీటి ఆయువు కొద్ది దినాలే. అసలు జీవితమంతా చెరువు అడుగున గడచిపోతుంది. అక్కడ డింభకం పట్టువంటి దారంతో మట్టిరేణువులు అతికి గొట్టం కట్టుకొని, కుళ్ళిన పదార్థం తింటూ పెరుగుతుంది. పెక్కు డింభకాలు నెత్తుటి రంగున ఉంటవి. మన రక్తంలోని హీమోగ్లోబిన్ వంటిదే వాటిలోనూ ఉండడం అందుకు కారణం. కీటకలోకంలో ఇది మిక్కిలి అరుదు. తక్కిన పురుగులకు సన్నని గాలిగొట్టాలే ప్రాణవాయువు నందిస్తవి. మురుగు చేరి అడుగున ప్రాణవాయువు క్షీణించినప్పుడు చేపలు చచ్చి తేలుతవి. ఈ ఎర్రపురుగు మాత్రం ఒళ్ళు ఊపి గొట్టంలోనికి నీరు లాగుకొంటూ బ్రతుకుతుంది. అలంకారపు చేపలకు మేతగా అంగళ్ళలో అమ్మే బ్లడ్‌వార్మ్ ఇదే.

కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగునీరిచ్చిన చెరువిది. చుట్టూ మేడలు లేచిన తరువాత మురుగు వచ్చి చేరింది. 2020లో ప్రారంభమైన తీగల వంతెన దీపాలవంటి వెలుగులకు ఈ పురుగులు మూగుతవి గనుక గుంపులు మరింతగా కంటబడుతవి. చచ్చినవాటి ధూళి కొందరికి ఉబ్బసం కలిగించే మాట నిజమే. అయినను పొగమందు చంపేది ఎలాగూ రెండు దినాలలో చావబోయేవాటిని. బురదలోని సంతతిని అది తాకనైనా తాకదు. పైగా చేపలకు, తూనీగలకు, పక్షులకు ఆహారం తగ్గుతుంది. మురుగు ఆగనంతవరకు గుంపులు లేస్తూనే ఉంటవి.

దోసెడు బురదను జల్లెడలో కడిగి చూస్తే, ఎర్రని డింభకాలే తప్ప మరొకటి లేని చెరువేదో, తూనీగ పిల్లలవంటి నానావిధ ప్రాణులున్న చెరువేదో ఏడవ తరగతి విద్యార్థియైనా చెప్పగలడు.