మలంలో రక్తమంతా మొలలు కాదు
పెద్దప్రేగులోని పాలిప్‌లు: గుర్తించుట, నివారించుట

మలవిసర్జన వేళ రక్తం కనిపించగానే మన ఇండ్లలో మొట్టమొదట వినిపించే మాట "మొలలు". ఆ వెంటనే వంటింటి వైద్యం మొదలవుతుంది. కారం మానిపిస్తారు, కందకూర వండుతారు, మజ్జిగలో కరక్కాయ చూర్ణం కలిపి ఇస్తారు. పది రోజులకు రక్తం ఆగితే వ్యాధి పోయినదని తృప్తి పడతారు. మొలలకు ఈ ఉపచారములు మేలు చేసేవే. చరకుడు మొలల చికిత్సలో మజ్జిగను ఎంతగానో ప్రశంసించినాడు. అయితే ఆ రక్తం మొలల నుండియే వచ్చినదని నిర్ణయించినవారెవరు? పెద్దప్రేగులో పెరిగే పాలిప్ కూడ కొన్నాళ్లు రక్తం స్రవించి, తనంతట తానే ఆగుతుంది. కనుక రక్తం ఆగుట వ్యాధి నయమైనదనుటకు సాక్ష్యం కాదు.

పాలిప్ అనగా ఏమి?

పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవుంటుంది. దాని లోపలి పొరలోని కణములు అదుపు తప్పి వృద్ధి పొందినప్పుడు ఏర్పడే బుడిపెయే పాలిప్. కొన్ని కాడ గల పుట్టగొడుగువలె వ్రేలాడుతాయి, కొన్ని పొరకు అంటుకొని చదునుగా ఉంటాయి. వీటిలో పలు రకములున్నవి. ప్రేగు చివరి భాగంలో కనబడే చిన్న హైపర్‌ప్లాస్టిక్ పాలిప్‌ల వలన సాధారణంగా హాని లేదు. అడినోమా అనే రకమును మాత్రం ఉపేక్షింపరాదు. పెద్దప్రేగు కాన్సర్లలో అధికభాగం వీటినుండియే పుడుతున్నవి. అట్లని ప్రతి అడినోమా కాన్సరుగా మారదు. మారేవాటికి కూడ సాధారణంగా పదేండ్లు లేదా అంతకు మించిన కాలం పడుతుంది. ఆ పదేండ్లే మనకు లభించిన గడువు.

శాస్త్రం చెప్పినదేమి?

సుశ్రుతుడు మొలలను మాంసాంకురములుగా వర్ణించి, వాటిని చూచుటకు ఆవు చన్ను ఆకారం గల అర్శోయంత్రమును చెప్పినాడు. దాని పొడవు నాలుగు వ్రేళ్ల వెడల్పంత మాత్రమే. గుదమునకు అది చాలును. దానికి పైనున్న అయిదడుగుల ప్రేగు ఆ యంత్రమునకు అందదు. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని మూడు విధములైన రోగి పరీక్షలను మన ఆచార్యులు విధించినారు. చూడవలసిన దానిని చూడకయే నిర్ణయించుట శాస్త్రసమ్మతం కాదు. నాడి పట్టుకొని ప్రేగులోని బుడిపెను చెప్పగలమనే వారి మాట నమ్మవద్దు.

లక్షణములు

చాలామందిలో పాలిప్‌లకు ఏ లక్షణమూ ఉండదు. ఇదే దీనిలోని ప్రమాదం. ఈ క్రిందివి కనిపించినచో వైద్యుని సంప్రదించవలెను:

* మలంతో కలిసిగాని, మలంపైగాని రక్తం పడుట, లేదా మలం నల్లబడుట
* కొన్ని వారములుగా మలవిసర్జన అలవాటు మారుట: కొత్తగా మలబద్ధకం లేక విరేచనములు
* కారణం తెలియకుండ బరువు తగ్గుట
* పురుషులలోను, ముట్లుడిగిన స్త్రీలలోను ఇనుము లోపం వలన రక్తహీనత

ఈ చివరి దానికి ఇనుము మాత్రలు వాడి ఊరుకొనరాదు. రక్తం ఎక్కడ పోతున్నదో వెదకించవలెను. చిన్నపిల్లలలో నొప్పి లేకుండ రక్తం పడినచో అది జువెనైల్ పాలిప్ కావచ్చును. ఒక్కటే ఉన్నచో అది సాధారణంగా అపాయకరం కాదు గాని, తీయించవలసినదే.

పరీక్షలు

మలంలో కంటికి కనబడని రక్తమును పసిగట్టే ఫిట్ పరీక్ష సులభమైనది. అయితే పాలిప్‌లన్నియు రక్తం స్రవించవు గనుక ఒకసారి ఫలితం బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు, ఏటేటా చేయించవలెను. రక్తమున్నదని తేలినచో కొలనోస్కోపీ తప్పదు.

కొలనోస్కోపీలో కెమెరా గల సన్నని గొట్టంతో పెద్దప్రేగంతయు చూచెదరు. ముందురోజు తేలికైన ఆహారం తీసుకొని, విరేచనకారి ద్రావణంతో ప్రేగును శుభ్రం చేసుకొనవలెను. ప్రేగు శుభ్రంగా లేనిచో చిన్న పాలిప్ కంటబడదు. రక్తం పలుచబరచే మందులు, మధుమేహం మందులు వాడేవారు ముందుగానే వైద్యునికి తెలుపవలెను. పాలిప్ కనబడినచో తీగ ఉచ్చుతో అప్పుడే తొలగించి పరీక్షకు పంపుతారు. ఈ పద్ధతి 1969లో న్యూయార్కులో వుల్ఫ్, షిన్యా అనే వైద్యులతో ఆరంభమైనది. అడినోమాలను ఇట్లు తొలగించుట వలన కాన్సర్ గణనీయంగా తగ్గునని 1993లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపినది.

అమెరికా నిపుణుల సంఘం 2021లో ఈ పరీక్షలను 45వ ఏట మొదలుపెట్టుమని సూచించినది. తల్లిదండ్రులలోగాని, తోబుట్టువులలోగాని ఈ కాన్సర్ ఉన్నవారు 40వ ఏట, లేదా ఆ బంధువునకు వ్యాధి బయటపడిన వయస్సునకు పదేండ్లు ముందుగా, ఏది ముందైతే అప్పుడు, చేయించుకొనవలెను. మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరీక్షలున్నవి గాని పెద్దప్రేగునకు లేవు. కనుక గృహస్థులే శ్రద్ధ వహించవలెను. అడినోమా తీయించుకొన్నవారు దాని సంఖ్య, పరిమాణములను బట్టి వైద్యుడు చెప్పిన గడువులో మరల పరీక్షించుకొనవలెను.

నివారణ

పొగాకు, మద్యం మానవలెను. స్థూలకాయమును తగ్గించుకొని, ప్రతిదినం నడవవలెను. జొన్న, రాగి, పొట్టు తీయని పప్పులు, ఆకుకూరలు, పండ్లు భోజనంలో పెంచవలెను. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ సాసేజి, బేకన్ వంటి నిల్వ మాంసములను కాన్సర్ కారకములుగా ప్రకటించినది. మేక, గొర్రె వంటి ఎఱ్ఱ మాంసములను కూడ కారకములు కావచ్చునన్నది. మాంసాహారులు ఇది గమనించవలెను. ఈ నియమములు ముప్పును తగ్గిస్తాయే గాని పూర్తిగా తొలగింపవు.

చివరిగా ఒక మాట. పుట్టిన పాలిప్‌ను కరిగించునని నిరూపింపబడిన చూర్ణముగాని, లేహ్యముగాని లేదు. త్రిఫల మలబద్ధకమునకు మంచిదే. బుడిపెను అది తొలగింపదు. పెద్దవారు సిగ్గుచే ఈ రక్తం సంగతి ఇంట్లో చెప్పరు. మలవిసర్జన ఎట్లున్నదని పిల్లలే తల్లిదండ్రులను అడుగవలెను. ముందు పరీక్ష, తరువాత ఔషధం. ఈ క్రమమును తారుమారు చేయవద్దు.