ఒంటెలు పంచిన బ్రెజిల్ మాస్టారు

ముగ్గురు అన్నదమ్ములు, 35 ఒంటెలు. పెద్దోడికి సగం, రెండోవాడికి మూడో వంతు, చిన్నోడికి తొమ్మిదో వంతు అని తండ్రి చెప్పిపోయాడు. పదిహేడున్నర ఒంటెలు ఎలా ఇస్తారు? గొడవ మొదలైంది. బాగ్దాద్ దారిలో పోతున్న బెరెమిజ్ సమీర్ అనే లెక్కల మనిషి తన స్నేహితుడి ఒంటెను మందలో కలిపాడు. మొత్తం 36. పెద్దోడికి 18, రెండోవాడికి 12, చిన్నోడికి 4. అందరికీ వాటా పెరిగింది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. పంచినవి 34. మిగిలిన రెండింటిలో ఒకటి స్నేహితుడికి వాపసు, ఇంకోటి బెరెమిజ్ కూలి!

కిటుకు ఒంటెలో లేదు, తండ్రి మాటలో ఉంది. ఆ మూడు వాటాలు కలిపితే 18లో 17 భాగాలే. మిగతా భాగం, అంటే దాదాపు రెండు ఒంటెలు, ఎవరికీ చెప్పలేదు. ముగ్గురికీ పెరిగిందీ, ఆయనకు దక్కిందీ అందులోంచే.

ఈ కథ 1938లో వచ్చిన ఒక పోర్చుగీసు పుస్తకంలోది. రచయిత పేరు మల్బా తహాన్. అరబ్బు పేరే గానీ అలాంటి మనిషే లేడు. రియో డి జనీరోలో పుట్టిన లెక్కల మాస్టారు జూలియో సీజర్ ది మెల్లో ఇ సౌజా (1895-1974) కల్పించిన పేరది. చాలదన్నట్టు ఒక ఉత్తుత్తి అనువాదకుణ్ణి కూడా పుట్టించాడు. ఆయన పుట్టినరోజు మే 6ను బ్రెజిల్ గణిత దినంగా జరుపుకుంటోంది.

కథ కల్పితమైనా బాగ్దాద్‌లో పంపకాల లెక్కలు నిజమే. 9వ శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన అల్ జబ్ర్ గ్రంథంలో చాలా భాగం వసీయత్, విరాసత్ లెక్కలే. ఆల్జీబ్రా అన్న మాట ఆ పేరులోంచి వచ్చిందే. అయితే విరాసత్‌లో కొడుకులకు వాటా సమానం. ఈ ముగ్గురే వారసులైతే తలా 11 ఒంటెలు. మిగిలిన రెండూ అమ్మి డబ్బు పంచుకోవాల్సిందే.