పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఒక్కటే నిమిషం.. ఆ నిమిషాన్ని వీఆర్ వీడియో నేర్పిస్తుందా?

ఒక సీన్ ఊహించుకోండి. రాత్రి రెండు గంటలు. మన పిట్లం లాంటి మండల కేంద్రంలో సర్కారు దవాఖాన. కాన్పు అయింది, కానీ బిడ్డ ఏడవలేదు. ఊపిరి తీసుకోవట్లేదు. అక్కడ ఉన్నది ఒక్క స్టాఫ్ నర్సు. ఆమె చేతిలో ఉన్నది ఒక్క నిమిషం. దీన్నే గోల్డెన్ మినిట్ అంటారు. ఆలోపే బిడ్డను తుడవాలి, వీపు రుద్దాలి, అయినా ఊపిరి రాకపోతే బ్యాగ్, మాస్క్‌తో గాలి అందించడం మొదలుపెట్టాలి.

ఇలాంటి కేసు రోజూ రాదు. ఎప్పుడో వచ్చిన రోజు మాత్రం ట్రైనింగ్‌లో నేర్చుకున్నదంతా టక్కున గుర్తుకు రావాలి. వీఆర్ పనికొచ్చేది ఇక్కడే.

మామూలు వీడియోలో కెమెరామెన్ చూపించిందే చూస్తాం. 360 డిగ్రీల కెమెరాకి రెండో, అంతకంటే ఎక్కువో లెన్సులు ఉంటాయి. చుట్టూ ఉన్నదంతా తీస్తాయి, సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకటిగా అతికిస్తుంది. హెడ్‌సెట్‌లో పెట్టిన ఫోన్, మీరు తల ఎటు తిప్పారో గైరోస్కోప్‌తో కనిపెట్టి ఆ వైపే చూపిస్తుంది. అంటే డాక్టర్ ఏం చేస్తున్నారు, మాస్క్ ఎక్కడుంది, పక్కనున్న నర్సు ఎక్కడ నిలబడింది.. అన్నీ మీరే వెతుక్కుని చూస్తారు.

2016 ఏప్రిల్ 14న రాయల్ లండన్ హాస్పిటల్‌లో డాక్టర్ షఫీ అహ్మద్ పేగు క్యాన్సర్ ఆపరేషన్‌ని ఇలాగే లైవ్ ఇచ్చారు. అంతకంటే మనకి దగ్గరైన ఉదాహరణ నైజీరియా, కెన్యా. అక్కడ చవక హెడ్‌సెట్‌లో ఫోన్ పెట్టి, బిడ్డకి ఊపిరి పోయడం నర్సులకు ప్రాక్టీస్ చేయించారు. అది కెమెరాతో తీసింది కాదు, గేమ్ లాంటిది. తర్వాత ఏం చేయాలో నర్సే ఎంచుకోవాలి. తప్పు చేసినా ప్రాణం పోదు, మళ్లీ ఆడొచ్చు.

మరి ఇది చాలా? చాలదు. ఈత వీడియో చూసి ఎవరూ చెరువులో దూకరు కదా! మాస్క్ ఎంత గట్టిగా ఆనించాలి, బ్యాగ్ ఎంత నొక్కాలి అనేది చేతికే తెలియాలి. దానికి బొమ్మ మీద ప్రాక్టీస్ తప్పదు. కొందరికి హెడ్‌సెట్ పెట్టగానే కళ్లు తిరుగుతాయి. నిజం ఆపరేషన్ తీస్తే పేషెంట్ ఒప్పుకోవాలి కూడా.

కానీ ఒక్క లాభం పెద్దది. ట్రైనింగ్ కోసం నర్సు ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు. డ్యూటీ మధ్యలో పది నిమిషాలు దొరికినా మళ్లీ చూసుకోవచ్చు. మనం రీల్స్ చూసే ఫోనే, ఆ రాత్రి రెండు గంటలకి ఒక బిడ్డ ఏడుపు వినిపించేలా చేయొచ్చు.