ప్లగ్గు పట్టకపోతే మంచిదే!

కోదాడ నుంచి ఒకాయన పొద్దున్నే బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగారు. జేబులో నాలుగు వేల రూపాయలు. కొడుకు కోచింగ్ ఫీజు రెండో వాయిదా అది. యాప్‌లో కట్టొచ్చుగా అంటారా? కట్టబోయారు. బటన్ నొక్కగానే యాప్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచారు, మళ్లీ మూసుకుపోయింది. రసీదు లేకపోతే పిల్లాణ్ని ఆదివారం టెస్టుకి కూర్చోనివ్వరేమోనని భయం. యాప్‌లో హెల్ప్ అని నొక్కితే మా ఆఫీసు అడ్రస్ కనిపించింది. మూడు గంటలకు పైగా ప్రయాణం చేసి, నేరుగా మా దగ్గరికే వచ్చేశారు.

ఆ క్రాష్‌కి కారణం నేను.

నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్. మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎల్బీ నగర్. అక్కడ ఓ చిన్న ఆఫీసులో ఆండ్రాయిడ్ డెవలపర్‌ని. (మా ఊళ్లో అందరూ హైటెక్ సిటీ అనుకుంటారు. నేనూ సరిదిద్దను.) అప్పటికి చేరి నాలుగు నెలలు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నా. మా సీనియర్ అన్న ఒక్కమాట కూడా అనకుండా, ఆయన్ని బండి మీద కోచింగ్ సెంటర్ దాకా దింపి వచ్చాడు. తిట్టినా బాగుండేది.

అసలు జరిగిందేంటంటే... మా యాప్ మొత్తం మాడ్యూళ్లుగా ఉంటుంది. లాగిన్ ఒకటి, టెస్టులు ఒకటి, ఫీజు ఒకటి, పేమెంట్ ఒకటి. ఫీజు స్క్రీన్‌కి పేమెంట్ చేసే వస్తువు కావాలి. దాన్ని తనే తయారుచేసుకోదు. మధ్యలో ఉన్న ఒక రిజిస్ట్రీని పేరు పెట్టి అడుగుతుంది. ఆ పేరు ఉత్త స్ట్రింగ్, అంటే కొన్ని అక్షరాలు. నేను పేమెంట్ మాడ్యూల్‌ని సర్దుతూ ఆ పేరు చివర ఒక ‘ఎస్’ చేర్చాను. ఫీజు మాడ్యూల్ పాత పేరుతోనే అడుగుతోంది. కంపైలర్‌కి రెండూ అక్షరాలే కాబట్టి కిమ్మనలేదు. టెస్టింగ్‌లో దొరకలేదా అంటే, మా టెస్ట్ అకౌంట్లన్నీ ఫీజు పూర్తిగా కట్టేసినవే! వాయిదా స్క్రీన్ ఎవరూ తెరవలేదు. మొదట తెరిచింది కోదాడాయనే.

ఒక వస్తువు తనకి కావాల్సిన దాన్ని తనే తయారుచేసుకోకుండా బయటి నుంచి అందుకోవడాన్నే డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. భయపడకండి, సూదిమందు కాదు. మా హాస్టల్లో బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ ఉంది కదా, అది కరెంట్ తయారుచేసుకోదు. సాకెట్ ఇస్తుంది. ఆ కరెంట్ సబ్‌స్టేషన్ నుంచి వస్తోందా, జనరేటర్ నుంచా అన్నది రాడ్‌కి అక్కర్లేదు. అలాగే ఫీజు స్క్రీన్‌కి టెస్టింగ్‌లో ఉత్తుత్తి పేమెంట్ ఇవ్వొచ్చు, ఎవరి డబ్బూ కట్ కాదు. అసలు యాప్‌లో నిజం పేమెంట్ ఇవ్వొచ్చు. స్క్రీన్ కోడ్ ఒక్క అక్షరం మారదు.

మరి టైప్ సేఫ్ అంటే? 15 యాంప్స్ ప్లగ్గు పిన్నులు లావుగా ఉంటాయి. 5 యాంప్స్ సాకెట్‌లో పెడితే దూరవు. స్విచ్ వేయకముందే తెలిసిపోతుంది. మా రూమ్‌లో మాత్రం ఏ ప్లగ్గయినా పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంది. ఏది గుచ్చినా దూరుతుంది. తేడా స్విచ్ వేశాకే తెలుస్తుంది, అదీ వాసనతో! మా రిజిస్ట్రీ అచ్చం ఆ బాక్స్ లాంటిదే. (హాస్టల్ ఆంటీ ఇది చదవకూడదని కోరుకుంటున్నా.)

ఈ తంటా మాకొక్కరికే కాదు. డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు బాగా పాకింది 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో. అదే ఏడాది స్ప్రింగ్ 1.0 వచ్చింది. మొదట్లో స్ప్రింగ్‌లో ఏది దేనికివ్వాలో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో రాసేవాళ్లు. అక్కడ స్పెల్లింగ్ తప్పితే ప్రోగ్రామ్ నడిపినప్పుడే బయటపడేది. 2007లో గూగుల్ వాళ్ల గీస్ ఆ పేర్ల స్థానంలో టైపుల్ని తెచ్చింది. కానీ అతికించడం మాత్రం ప్రోగ్రామ్ నడిచేటప్పుడే. ఆ పనిని కంపైల్ సమయానికి లాగింది డాగర్. 2012లో స్క్వేర్ కంపెనీ మొదలుపెట్టింది, డాగర్ 2ని గూగుల్ తీసుకుంది. ఎవరికేం కావాలో గీతలు గీసుకుని చూస్తుంది. ఒక్కటి దొరక్కపోయినా బిల్డ్ ఆపేస్తుంది. దాని మీదే 2020లో ఆండ్రాయిడ్ కోసం హిల్ట్ వచ్చింది. కోట్లిన్ వాళ్లకి ఇష్టమైన కోయిన్ మామూలుగా యాప్ నడిచేటప్పుడే వెతుకుతుంది. కాకపోతే టెస్టులో ముందే సరిచూసుకునే ఏర్పాటు అందులో ఉంది. అది వాడకుండా కోయిన్‌ని తిట్టుకోవడం అన్యాయం.

డాగర్‌తో ఇబ్బంది లేదనను. ఎర్రర్ మెసేజ్ చదవడానికి ఓపిక కావాలి. ప్రాజెక్ట్ పెరిగేకొద్దీ బిల్డ్ టైమ్ పెరుగుతుంది. మా పాత ల్యాప్‌టాప్‌లలో బిల్డ్ నొక్కి టీకి వెళ్లొచ్చు.

అందుకే మేం ఏ లైబ్రరీ పెట్టుకోలేదు. ఇంటర్వ్యూల కోసం ‘డాగర్ నేర్చుకో’ అని అందరూ అంటారు. నేర్చుకోండి, కానీ మా అంత చిన్న యాప్‌కి కన్‌స్ట్రక్టర్ చాలు. పేమెంట్ ఏమేం చేయగలదో చెప్పే ఇంటర్‌ఫేస్‌ని చిన్న మాడ్యూల్‌లో పెట్టాం. ఫీజు మాడ్యూల్‌కి తెలిసేది అదొక్కటే. అసలు పేమెంట్ కోడ్ ఎక్కడుందో దానికి తెలీదు. రెంటినీ కలిపేది మెయిన్ యాప్ మాడ్యూల్. ఇప్పుడు నేను ఏ పేరు మార్చినా, మిగతా చోట్ల మార్చకపోతే బిల్డే కాదు. కోదాడ దాకా వెళ్లే అవకాశమే లేదు.

అంతా అయిపోయిందని సంబరపడ్డానా, రెండు వారాలకే ఇంకోటి. టెస్ట్ సర్వర్ అడ్రస్, అసలు సర్వర్ అడ్రస్... రెండూ స్ట్రింగులే. ఒకదాని చోట ఇంకోటి ఇచ్చేశా. కంపైలర్ నోరెత్తలేదు. ఎత్తదు కూడా, రెండూ ఒకే సైజు ప్లగ్గులు కదా! ఈసారి అన్న రిలీజ్‌కి ముందే పట్టేశాడు. “రెండిట్నీ ఒక్కలెక్కనే పెట్టినవ్, గది పాపం ఎట్ల గుర్తుపడ్తది?” అన్నాడు. ఆ మధ్యాహ్నం కూర్చుని రెంటికీ వేర్వేరు టైపులు రాశా. పది లైన్లు కూడా కాలేదు.

ఇంకో సంగతి. ప్లగ్గు సరిగ్గా దూరినంత మాత్రాన కరెంట్ ఉన్నట్టు కాదు. సర్వర్ డౌన్ అయితే టైపులేం చేస్తాయి? అందుకే ఇప్పుడు సగం ఫీజు కట్టిన టెస్ట్ అకౌంట్ ఒకటి తయారుచేసి పెట్టుకున్నా. ప్రతి రిలీజ్‌కీ ముందు దాంతో ఆ బటన్ నొక్కుతా.

పాత రిజిస్ట్రీ మీద ఇంకా రెండు మాడ్యూళ్లు నడుస్తున్నాయి. అందులో ఒకటి హాల్‌టికెట్లది. పరీక్షల సీజన్ లోపల మార్చేస్తానని అన్నకి మాటిచ్చా. రాత్రి దాన్నే ముందేసుకుని కూర్చుంటే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు, మొత్తం పదిహేడు. రూమ్మేట్ తొంగి చూసి, “అయ్యో, ఇన్ని తప్పులా?” అంది. ఆరు సరిచేసి పడుకున్నా.