మందిరం మీద సోలార్: అపోహలు – వాస్తవాలు

జగ్గయ్యపేట, నందిగామల నుంచి హైవే మీద విజయవాడ వెళ్తుంటే ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనిపిస్తాయి. అలాంటి చోట ఒక్క యూనిట్ కరెంటు పుట్టాలంటే అర కిలోకు పైగా బొగ్గు కాలాలి. మన చర్చిల్లో తిరిగే ఫ్యానుకూ, మైకుకూ వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. సృష్టి కోసం ప్రార్థించే సంఘం ఈ పొగ సంగతి పట్టించుకోవడం న్యాయం. అయితే సోలార్ కోసం కానుకల డబ్బు ఖర్చుపెట్టే ముందు కొన్ని అపోహలు తొలగాలి.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ.
వాస్తవం: ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక అది వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. నందిగామ మే ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం పోయినట్టే. అందుకే కప్పుకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా బిగించాలి. ఏడాది సగటున కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి.

అపోహ: ఆరాధన ఆదివారమే కదా, మిగతా ఆరు రోజుల కరెంటు వృథా.
వాస్తవం: నెట్ మీటర్ ఉంటే వృథా కాదు. వారం పొడుగునా మిగిలిన యూనిట్లు లైన్లోకి వెళ్తాయి, ఆదివారం వాడకానికి జమ అవుతాయి. వాటి మేరకు ఎక్కడో బొగ్గు కాలడం తగ్గుతుంది. కాకపోతే చివరికి మిగిలిపోయిన యూనిట్లకు వచ్చే ధర తక్కువ. కాబట్టి అవసరానికి మించి పెట్టకూడదు.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగవు.
వాస్తవం: బ్యాటరీ లేకుండా లైన్‌కు కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్లో కరెంటు పోగానే ఆగిపోతుంది. ఆగకపోతే మరమ్మతుకు స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. మైకు, నాలుగు లైట్లు ఆగకూడదంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, ఖర్చు పెరుగుతుంది.

అపోహ: ఇళ్లకు 78,000 రూపాయల దాకా ఇచ్చే సబ్సిడీ చర్చికీ వస్తుంది.
వాస్తవం: 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఇళ్ల కోసం. దాన్ని నమ్ముకుని చర్చి బడ్జెట్ వేయకూడదు.

అపోహ: కప్పు ఖాళీగా ఉంటే ఎక్కడైనా పెట్టొచ్చు.
వాస్తవం: మన దగ్గర ప్యానెళ్లు దక్షిణం చూడాలి. పాత పద్ధతిలో బలిపీఠం తూర్పున ఉండేలా కట్టిన మందిరానికి ఒక వాలు దక్షిణానికే ఉంటుంది. అది కలిసొచ్చే సంగతి. కానీ గంట గోపురం నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తీ తగ్గవచ్చు. పెంకుల కప్పయితే దూలాల బలం ఇంజినీరు చూడాలి. సిమెంటు రేకుల మీద అడుగు వేయడమే ప్రమాదం. అలాంటప్పుడు పాస్టరు గారి ఇంటి డాబాయో, పక్కనున్న బడి డాబాయో మేలు. కిలోవాట్‌కు 100 చదరపు అడుగులు చాలు. నీడ పడుతోందని ఆవరణలోని వేపచెట్టును మాత్రం కొట్టేయవద్దు.

అపోహ: దుమ్మును వానే కడిగేస్తుంది.
వాస్తవం: మెట్టలో వాన లేని నెలలే ఎక్కువ. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిమెంటు దుమ్ము మంచుకు తడిసి గట్టిపడితే ఓ పట్టాన వదలదు. తెల్లవారుజామునే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో కడగాలి. ఉప్పునీళ్ల బోరయితే తెల్లటి చారలు మిగులుతాయి, మంచినీళ్లే వాడాలి.

అపోహ: ప్యానెళ్ల తయారీకి పట్టే కరెంటు అవి ఎప్పటికీ తిరిగి ఇవ్వలేవు.
వాస్తవం: మన ఎండలకు ఒకటి రెండేళ్లలో ఇచ్చేస్తాయి. వాటి ఆయుష్షు పాతికేళ్లు. 5 కిలోవాట్ల సోలార్ ఏటా సుమారు 7,000 యూనిట్లు ఇస్తుంది, దాదాపు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను ఆపుతుంది.

అపోహ: ప్యానెళ్లు మందిరం పవిత్రతకు తగవు.
వాస్తవం: వాటికన్‌లో పోప్ విశ్వాసులను కలుసుకునే ఆరవ పాల్ హాలు కప్పు మీద 2008లోనే సుమారు 2,400 ప్యానెళ్లు అమర్చారు.

సంఘ పెద్దలు ముందుగా పన్నెండు నెలల బిల్లులు దగ్గర పెట్టుకుని చూడాలి. 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఎల్ఈడీ లైట్లు వేయాలి. ఆ తర్వాత మిగిలిన అవసరానికే సోలార్ కొలవాలి. అప్పుడు చిన్న సంఘానికి కూడా ఇది మోయగలిగిన ఖర్చే అవుతుంది.